పన్నెండో కిస్తీ కట్టాక బండి కింద ఏం మిగిలింది? స్వనిధి, ముద్ర అప్పులపై సమీక్ష

ముందే తేల్చి చెప్పేస్తాం. వీధి బండికి దొరికే అప్పుల్లో పీఎం స్వనిధిని, అంటే వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన అప్పు పథకాన్ని, మించింది ఇవాళ లేదు. చిన్న కొట్టుకు ముద్ర (చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ఇంకో అప్పు పథకం) మంచిదే, కానీ ఏ రూపంలో తీసుకున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండూ వ్యాపారాన్ని నాలుగైదేళ్లు నిలబెడతాయా అనే ప్రశ్నకు జవాబు మాత్రం బ్యాంకు దగ్గర దొరకదు, సరుకు దగ్గర దొరుకుతుంది. కిస్తీలన్నీ సక్రమంగా కట్టి, సిబిల్ స్కోరు బాగుండి, బండి మాత్రం అప్పు తీసుకోకముందు కంటే బక్కచిక్కిపోవడం చాలా మామూలు. బ్యాంకు కాగితాల్లో అది విజయం కింద నమోదవుతుంది. వ్యాపారి ఇంట్లో మాత్రం గల్లా ఖాళీ.

పథకం సంగతి క్లుప్తంగా. స్వనిధి 2020 జూన్ 1న మొదలైంది. అప్పట్లో మొదటి విడత 10,000, రెండోది 20,000, మూడోది 50,000. 2025 ఆగస్టులో కేంద్రం దీన్ని సవరించి గడువును 2030 మార్చి 31 దాకా పొడిగించింది. ఇప్పుడు మొదటి విడత 15,000, రెండోది 25,000, మూడోది పాత లాగే 50,000. హామీగా పొలం కాగితాలు, బంగారం ఏమీ పెట్టక్కర్లేదు. వేళకు కట్టేవాళ్లకు వడ్డీలో 7 శాతం రాయితీ. గడువుకు ముందే కట్టేసినా జరిమానా లేదు. రెండో విడత తీర్చినవాళ్లకు యూపీఐతో వాడుకునే రూపే క్రెడిట్ కార్డు కూడా పెట్టారు.

ఇప్పుడు లెక్క. రోజుకు 2,500 అమ్మకం ఉన్న ఇడ్లీ, దోసె బండి అనుకుందాం. అంకెలు ఊరిని బట్టి మారతాయి, లెక్క వేసే పద్ధతి మారదు. సరుకు, గ్యాస్ కలిపి 1,400. సాయం చేసే మనిషికి 350. చోటు, నీళ్లు, ప్లేట్లు 50. మిగిలేది 700. నెలకు 26 రోజులు బండి పెడితే 18,200. ఇంటి ఖర్చు 15,000 పోతే చేతిలో 3,200.

ఈ బండికి స్వనిధి మొదటి విడత వచ్చిందనుకోండి. 15,000, పన్నెండు నెలలు, 12 శాతం వడ్డీ, అంటే మన భాషలో నూటికి రూపాయి వడ్డీ. కిస్తీ 1,333. ఏడాదికి వడ్డీ మొత్తం 993. అందులో రాయితీ కింద 580 దాకా తిరిగి వస్తుంది. నికరంగా ఏడాదికి అప్పు ఖరీదు నాలుగు వందల చిల్లర.

పక్కనే రోజువారీ ఫైనాన్స్ పెట్టి చూడండి. పదివేలు రాసుకుని చేతికి 8,500 ఇస్తారు. వంద రోజులు, రోజుకు వంద. 1,500 వడ్డీయే కదా అనిపిస్తుంది. కానీ అసలు సొమ్ము మొదటి రోజు నుంచే తరుగుతూ ఉంటుంది కాబట్టి, లెక్క కట్టి చూస్తే నూటికి నెలకు పది రూపాయల వడ్డీ పడుతుంది. ఏడాదికి 120 శాతం. బండి పెట్టని రోజు కూడా సాయంత్రం మనిషి వస్తాడు. నెలకు 3,000 అటు పోతే, పై లెక్కలో చేతిలో ఉండేది 200.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. అసలు విషయం ఇక్కడి నుంచి.

ఆ 15,000 ఎక్కడ పెట్టారు? ఏ పూటకాపూట చిల్లరగా కొనే బండి రోజూ కొంత నష్టపోతుంది. మినప్పప్పు రోజుకు రెండున్నర కిలోలు, బస్తాగా కొంటే కిలోకు 8 తగ్గిందనుకుంటే 20 మిగులు. ఇడ్లీ రవ్వ నాలుగు కిలోలు, కిలోకు 4 చొప్పున 16. నూనె రెండు కిలోలు, 15 కిలోల డబ్బా ధరకు కిలోకు 8 తేడా, ఇంకో 16. పల్లీలు కిలో, 12. మొత్తం 64 రూపాయలు. నెలకు 1,664. కిస్తీ 1,333. అంటే కిస్తీని సరుకులో వచ్చిన ఆదానే కడుతోంది, పైన 331 మిగులుతోంది. మూడు రోజులు ముసురు పట్టి బండి తీయకపోయినా నెల ప్లస్‌లోనే ఉంటుంది, ఓ 1,200 మిగులుతో. ఫైనాన్స్ డబ్బుతో ఇదే సరుకు కొని ఇదే ఆదా వేసుకున్నా, అవే మూడు ముసురు రోజులకు నెల 400 పైగా మైనస్‌లోకి పోతుంది. మైనస్ నెల వచ్చినప్పుడే రెండో ఫైనాన్స్ మొదలవుతుంది.

అదే 15,000 బండికి రంగు, కొత్త బోర్డు, లైట్లకు పెడితే ఆ 64 రాదు. కిస్తీ 3,200లోంచి పోవాలి. మూడు రోజుల వాన చాలు, కిస్తీ కోసం రేపటి పప్పు డబ్బు ముట్టుకోవడానికి. రొటేషన్ డబ్బులోంచి, అంటే రేపటి సరుకు కొనాల్సిన డబ్బులోంచి, మొదటి కిస్తీ కట్టిన రోజే బండి కరగడం మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి అప్పు తీరుతుంది, దాంతోపాటు సరుకూ తీరిపోతుంది. రెండో విడత 25,000 వచ్చినప్పుడు అందులో సగం ఆ గుంత పూడ్చడానికే పోతుంది.

అందుకే మా కొలత ఒక్కటే. పన్నెండో కిస్తీ కట్టిన సాయంత్రం, బండి కింద 15,000 దరిదాపుల్లో సరుకో డబ్బో ఉందా? ఉంటే ఇక అది అప్పు డబ్బు కాదు, సొంత పెట్టుబడి. లేకపోతే ఏడాదంతా బ్యాంకు డబ్బును బ్యాంకుకే తిరిగి ఇచ్చినట్టు.

డబ్బు చేతికి వచ్చిన రోజు ఇలా విడగొట్టండి. ముందుగా రెండు కిస్తీలు, 2,666, వేరే ఖాతాలో పడేయండి. మిగతా 12,334తో ఎండు సరుకు. పై లెక్కలో పప్పు, రవ్వ, నూనె, పల్లీలకు రోజుకు 920 దాకా అవుతుంది కాబట్టి పదమూడు రోజుల సరుకు వస్తుంది. అంతకు మించి కొనకండి. వానాకాలంలో పప్పుకు చెమ్మ తగిలి పురుగు పడితే బస్తాలో వచ్చిన ఆదా బస్తాలోనే పోతుంది. పల్లీలు ఇంకా త్వరగా ముక్కిపోతాయి. కొబ్బరికాయ, పచ్చిమిర్చి లాంటివి అప్పు డబ్బుతో ఎక్కువ కొనడంలో అర్థం లేదు, అవి ఏ రోజుకారోజే. ఆ రోజు బయటికి తీసిన సరుకు డబ్బును సాయంత్రం గల్లాలోంచి తీసి విడిగా ఒక డబ్బాలో వేయాలి. 920 వాడితే 920 వేయాలి. ఇంటి ఖర్చు ఆ తర్వాతే. ఈ డబ్బా అలవాటు లేని బండికి ఏ అప్పూ నిలవదు.

దరఖాస్తు దగ్గర ఏం తేడా కొడుతుందో చూద్దాం. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు పాతదైపోవడం మొదటిది. ఓటీపీ రాదు, అక్కడే ఆగిపోతుంది. రెండోది, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకు పాసుపుస్తకంలో వెనక. మూడోది, మున్సిపాలిటీ చేసిన వీధి వ్యాపారుల సర్వేలో పేరు లేకపోవడం. సర్వేలో లేనివాళ్లకు పట్టణ స్థానిక సంస్థ ఇచ్చే సిఫారసు పత్రం దారి ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఈ పని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) చూస్తుంది, కాబట్టి వార్డులో దాని ఆర్పీని (రిసోర్స్ పర్సన్) పట్టుకోవడం అన్నిటికంటే దగ్గరి దారి. దరఖాస్తు ఉచితం. మధ్యలో కమీషన్ అడిగేవాళ్లకు ఈ పథకంలో చోటే లేదు.

ఒక జాగ్రత్త. సిఫారసు పత్రం అప్పు కోసమే. ఆ చోట బండి పెట్టుకునే హక్కు దాంతో రాదు. 2014 నాటి వీధి విక్రేతల చట్టం కింద ఇచ్చే విక్రయ ధ్రువపత్రం వేరు, దానికి బలం వేరు. ఈ పథకంలో మాకు కనిపించే పెద్ద లోటు ఇదే. బండిని బతికించేది ఆ చోటే. రోడ్డు వెడల్పు చేసి బండిని అక్కడి నుంచి లేపేస్తే కిస్తీ మాత్రం అక్కడే ఉంటుంది. అప్పుకు వెళ్లినప్పుడే గుర్తింపు కార్డు, ధ్రువపత్రం కోసం కూడా అర్జీ పెట్టి రసీదు తీసుకోవాలి.

డబ్బు జమ అయ్యే ఖాతా గురించి ఎవరూ చెప్పరు. పాత ఖాతాలో ఇన్సూరెన్సు, ఫోను ఈఎంఐ ఆటో డెబిట్లు ఉంటే, స్వనిధి డబ్బు పడగానే ముందు అవి కోసుకుంటాయి. అప్పుకు ఒక ఖాతా విడిగా పెట్టుకుని, క్యూఆర్ కోడ్ కూడా దానికే కట్టించండి. రోజూ యూపీఐలో పడిన దాంట్లో 52 రూపాయలు కదపకుండా ఉంచితే 26 రోజులకు కిస్తీ తయారు. రోజు వచ్చే రాబడికి నెలకోసారి కట్టే కిస్తీ సరిపడదన్న ఇబ్బందికి ఇంతకంటే మంచి విరుగుడు లేదు. బ్యాలెన్స్ లేక ఆటో డెబిట్ తిరిగిపోతే, ఛార్జీ బ్యాంకును బట్టి ఉంటుంది, దానిపై 18 శాతం జీఎస్టీ. 15,000 అప్పులో రెండు మూడు సార్లు అలా జరిగితే రాయితీగా వచ్చేది మొత్తం అక్కడే కరిగిపోతుంది. డిజిటల్ లావాదేవీలకు క్యాష్‌బ్యాక్ 1,600 దాకా ఉంది. చిల్లర అమ్మకాలతోపాటు హోల్‌సేల్ కొనుగోళ్లు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి బస్తా కొన్నప్పుడు నగదు బదులు ఫోనులో కట్టండి.

వడ్డీ రాయితీ మూడు నెలలకోసారి లెక్క కడతారు. ఖాతా మొండి బాకీలోకి పోతే రాదు. 90 రోజులు దాటితే మొండి బాకీ. కానీ ముప్పై రోజులు ఆలస్యమైనా సిబిల్ నివేదికలో కనబడుతుంది. రెండో విడత దగ్గర అది అడ్డం వస్తుంది. ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఇది ప్రభుత్వ లోను, ఎన్నికలప్పుడు మాఫీ అవుతుంది అనే మాట బజారులో తిరుగుతూ ఉంటుంది. ప్రభుత్వ గ్యారంటీ బ్యాంకుకు, మనకు కాదు. బ్యాంకుకు నష్టపరిహారం అందినా మన బాకీ పోదు.

ఇక ముద్ర. 2015 ఏప్రిల్ 8న వచ్చింది. శిశు 50,000 దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. తరుణ్ అప్పు తీర్చినవాళ్లకు 2024లో తరుణ్ ప్లస్ పేరుతో 20 లక్షల మెట్టు పెట్టారు. హామీ ఆస్తి అడగకూడదు. దరఖాస్తు బ్యాంకు శాఖలోనైనా, జన్‌సమర్థ్ పోర్టల్‌లోనైనా.

ముద్ర అనగానే అందరూ టర్మ్ లోను, అంటే ఒకేసారి తీసుకుని నెలనెలా కిస్తీ కట్టే అప్పే, తీసుకొస్తారు. సగం తప్పు అక్కడే జరుగుతోంది. సరుకు కోసమైతే క్యాష్ క్రెడిట్ (పరిమితి మేరకు కావాల్సినప్పుడు తీసుకుని, ఉన్నప్పుడు జమ చేసే అప్పు ఖాతా) అడగాలి, మిషను కోసమైతే టర్మ్ లోను. కిరాణా కొట్టుకు 3 లక్షల సరుకు కావాలి. సంక్రాంతికి, శ్రావణానికి పూర్తిగా కావాలి, ఆషాఢంలో సగం చాలు. క్యాష్ క్రెడిట్‌లో వాడుకున్నంతకే వడ్డీ. రాత్రి గల్లా డబ్బు జమ చేస్తే ఆ మేరకు వడ్డీ ఆగుతుంది. టర్మ్ లోనులో సరుకు ఉన్నా లేకపోయినా కిస్తీ ఒకటే. శూన్యమాసం బేరాలకే గాని బ్యాంకుకు లేదు.

క్యాష్ క్రెడిట్‌కు దాని చాకిరీ దానికుంది. బ్యాంకు అడిగిన గడువుకు స్టాకు స్టేట్‌మెంటు ఇవ్వాలి, ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. 90 రోజులు ఆ ఖాతాలో జమ ఏమీ పడకపోయినా, పడినవి వడ్డీకి చాలకపోయినా మొండి బాకీ కింద రాసేస్తారు. కొట్టు అమ్మకం డబ్బు ఇంకో బ్యాంకు ఖాతాలోకి పోతుంటే ఇది తెలియకుండానే జరిగిపోతుంది. క్యూఆర్ పాత ఖాతాకే ఉండిపోవడం వల్ల చిక్కుల్లో పడే కొట్లు చాలా.

టర్మ్ లోనే అయితే కాలపరిమితి దగ్గర జాగ్రత్తగా బేరమాడాలి. 3 లక్షలకు 12 శాతం మీద మూడేళ్లకు కిస్తీ 9,964. అయిదేళ్లకు 6,673. అయిదేళ్లదానికి మొత్తం మీద వడ్డీ 41 వేల పైచిలుకు ఎక్కువ పడుతుంది, నిజమే. అయినా మా ఓటు అయిదేళ్లకే. నెలకు 3,291 తేడా అంటే చిన్న కొట్టుకు ఒక చెడ్డ నెల దాటించే డబ్బు. బేరాలు బాగున్న నెలల్లో అదనంగా కట్టి వడ్డీ తగ్గించుకోవచ్చు. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే, రెన్యువల్ అయ్యే ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మధ్యలో మారుతూ ఉండే) చిన్న వ్యాపార అప్పులకు ముందస్తు చెల్లింపు ఛార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఫిక్స్‌డ్ రేటు అప్పుకు ఇది వర్తించదు, సంతకానికి ముందే అడిగి తెలుసుకోండి.

మిషనుకైతే మారటోరియం, అంటే కిస్తీలు మొదలయ్యే ముందు కొన్ని నెలల గడువు, అడగండి. పిండిమర బిగించి, త్రీఫేజ్ కనెక్షన్ వచ్చి, చుట్టుపక్కల వాళ్లకు అలవాటయ్యేసరికి రెండు మూడు నెలలు ఇట్టే గడుస్తాయి. మొదటి కిస్తీ వచ్చే నెలే అంటే అది రొటేషన్ డబ్బులోంచే పోతుంది. కోల్‌కతాలో సూక్ష్మ రుణాలపై జరిగిన ఒక అధ్యయనంలో, కొందరికి మొదటి కిస్తీ రెండు వారాలకే, కొందరికి రెండు నెలల తర్వాత పెట్టారు. మూడేళ్ల తర్వాత చూస్తే రెండు నెలలు ఆగినవాళ్ల లాభాలు ఎక్కువ. అదే గుంపులో ఎగవేతలూ ఎక్కువే. అందుకే బ్యాంకులు గడువు ఇవ్వడానికి జంకుతాయి. అడగకపోతే అసలే ఇవ్వవు.

ముద్ర డబ్బు తిన్నగా గోతిలోకి పోయే దారి ఒకటుంది. అరువు. చేతిలో సరుకు నిండుగా ఉంటే కాదనడం కష్టం. 3 లక్షల అప్పుతో సరుకు నింపి, ఆరు నెలలకు లక్ష రూపాయలు వీధిలో ఖాతాల మీద ఉంటే, ఆ లక్షకు మనం నెలకు వెయ్యి వడ్డీ కడుతూ వీధివాళ్లకు ఊరికే ఇస్తున్నట్టు. అరువు ఖాతాలకు ఒక పరిమితి గీసుకోవాలి. వారం అమ్మకానికి మించిన అరువు బయట ఉంటే కొత్త అరువు ఆపేయాలి. ఇంకో దారి అలంకారం. ర్యాకులు, గాజు కౌంటరు, ఏసీ. అవి అమ్ముడుపోవు. కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌ను కంపెనీలే ఇస్తుంటాయి, దానికి అప్పు డబ్బు పెట్టొద్దు.

గ్రూపు లోన్ల మీద రెండు ముక్కలు. డబ్బు త్వరగా వస్తుంది, కాగితాలు తక్కువ. కానీ వారానికో నెలకో తప్పకుండా కట్టాలి, ఒకరు కట్టకపోతే పక్కవాళ్ల మీద పడుతుంది. అయిదు చోట్ల తీసుకుని ఒకదానితో ఇంకొకటి కట్టే బాట ఎక్కడికి పోతుందో 2010లో మన ఊళ్లన్నీ చూశాయి. ఆ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మ రుణ సంస్థలను కట్టడి చేయడానికి ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఇప్పుడు రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి మొత్తం అప్పుల కిస్తీలు ఇంటి నెలసరి ఆదాయంలో సగం దాటకూడదు. సగం కూడా ఎక్కువే. వ్యాపారం మీదే బతికే ఇంటికి మూడో వంతు దాటితే మేము వద్దంటాం.

హైదరాబాదు బస్తీల్లోనే దీనిపై పెద్ద పరిశీలన జరిగింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు 104 బస్తీలు తీసుకుని, సగం చోట్ల ముందుగా సూక్ష్మ రుణాలు అందేలా చూసి తేడాలు కొలిచారు. అప్పు దొరికిందని కొత్తగా మొదలైన వ్యాపారాలు ఎక్కువగా చిన్నవిగానే ఉండిపోయాయి. అప్పటికే నడుస్తున్న వ్యాపారం ఉన్నవాళ్లకు మాత్రం లాభం కనిపించింది, ఏళ్ల తర్వాత మళ్లీ చూసినా వాళ్లు ముందే ఉన్నారు. ఈ సమీక్షలో చెబుతున్నదానికి ఇది సరిగ్గా సరిపోతుంది. తిరుగుతున్న చక్రానికి అప్పు నూనె లాంటిది. చక్రమే లేనిచోట అప్పుతో చక్రం కొంటే, అది తిరగడం మొదలయ్యేలోపే కిస్తీ వస్తుంది. కొత్తగా బండి పెట్టేవాళ్లు ముందు ఆరు నెలలు సొంత డబ్బుతో, చిన్నగానైనా నడిపి ఆ తర్వాతే అప్పుకు వెళ్లడం మంచిది.

యాప్ లోన్ల జోలికి వ్యాపారం కోసం వెళ్లొద్దు. ఏడు రోజులు, పదిహేను రోజుల గడువుకు సరుకు ఒకసారి కూడా సరిగ్గా తిరగదు.

సంతకం పెట్టేముందు ముఖ్యాంశాల పత్రం అడగండి. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అంటారు, 2024 అక్టోబరు నుంచి వ్యక్తిగత, చిన్న వ్యాపార టర్మ్ లోన్లకు ఇది ఇచ్చి తీరాలి. అందులో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది, ఫీజులన్నీ కలిపిన అసలైన వార్షిక ఖర్చు అదే. నోటితో చెప్పిన వడ్డీకీ ఏపీఆర్‌కూ చాలా తేడా ఉంటే మధ్యలో ఇన్సూరెన్సో, ప్రాసెసింగ్ ఫీజో దూర్చారని అర్థం. అడగని ఇన్సూరెన్సును తీసేయమని రాసివ్వండి. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా పలక్కపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉంది, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

చివరి కిస్తీ కట్టాక బాకీ లేదన్న పత్రం తీసుకోకుండా బ్యాంకు గడప దాటకండి. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. నెల రోజులు ఆగి తెప్పించి, ఆ అప్పు ఎదురుగా ముగిసినట్టు ఉందో లేదో చూడండి. ఇంకా నడుస్తున్నట్టే ఉంటే ఆ పత్రం జతచేసి ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 చొప్పున పరిహారం ఇవ్వాలన్నది నిబంధన. రెండో విడతకు వెళ్లేది నివేదికలో ఆ అప్పు ముగిసినట్టు పడ్డాకే. అప్పుడు కూడా ముందు బండి కింద సరుకు తూచి చూసుకుని వెళ్లండి. మొదటి 15,000 అక్కడ ఉంటే 25,000 అడగండి. లేకపోతే ముందు ఆ సరుకు డబ్బాను నింపుకుంటూ ఇంకో ఆరు నెలలు ఆగండి.